పరాయి కంపను తీసి, ఈ నేల చెట్లకు చోటు ఎలా ఇవ్వాలి?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల బంజర్లలో, గట్ల మీద కనిపించే పచ్చదనంలో చాలా భాగం ఈ నేలది కాదు. కాలువల్లో పరుచుకునే గుర్రపుడెక్క, రోడ్ల పక్కన చిన్న తెల్లని పూలతో ఊగే వయ్యారిభామ, చెరువు గట్లను కమ్మేసే సర్కారు తుమ్మ, కొండవాలుల్లో పొదలు కట్టే పులికంప అనే లంటానా, ఈ నాలుగూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. సర్కారు తుమ్మను 1870ల చివరలో వంటచెరకు కోసం మన కడప ప్రాంతంలోని కమలాపురంలోనే నాటారు. వయ్యారిభామను 1950ల మధ్యలో పుణె దగ్గర మొదట గుర్తించారు. పుట్టిన చోట వీటిని అదుపులో ఉంచిన పురుగులు ఇక్కడ సహజంగా లేవు, ఆకును పశువులు పెద్దగా ముట్టవు, అందువల్ల రేగు, బలుసు, కలివి, తంగేడు వంటి స్థానిక మొక్కలకు వెలుతురూ తడీ దక్కకుండా పోతున్నాయి.

వీటిని తొలగించడానికి కాలనీ వాసులో, కళాశాల విద్యార్థులో పూనుకున్నప్పుడు ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటుంది. పీకడం ఒక ఆదివారం పని, మళ్లీ మొలవకుండా చూడటం మూడేళ్ల పని. కాబట్టి కొండంతా శుభ్రం చేస్తామని బయలుదేరకుండా, పది పదిహేను మంది ఏడాది పొడవునా చూసుకోగలిగినంత చోటునే, అంటే మొదటి ఏడాదికి పావు ఎకరానికి మించకుండా, ఎంచుకోవడం మంచిది.

చోటు ఎంపిక, అనుమతి

కంప బాగా ముదిరిన చోట కాకుండా, స్థానిక చెట్లు ఇంకా కొన్ని మిగిలి, వాటి మధ్యకు కంప ఇప్పుడిప్పుడే చొరబడుతున్న అంచున పని మొదలుపెట్టాలి. అక్కడ శ్రమ తక్కువ, మిగిలిన చెట్ల విత్తనాలే సగం పని చేసిపెడతాయి. కొండపల్లి వంటి రిజర్వు అడవిలో అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు కూడా పెట్టకూడదు. నగరంలోని కొండలకు నగరపాలక సంస్థను, కాలువలకు జలవనరుల శాఖను, ఊరి చెరువుకు పంచాయతీని ముందుగా రాతపూర్వకంగా అడగాలి. చెట్లు నరకడానికి నీరు, నేల, చెట్ల రక్షణ కోసం చేసిన 2002 నాటి వాల్టా చట్టం కూడా వర్తించవచ్చు గనుక, తీయబోయే చెట్ల పేర్లు, స్థలం ఎల్లలు అర్జీలో స్పష్టంగా రాయాలి.

రెండు రకాల చోట్ల మాత్రం ఉత్సాహాన్ని అదుపులో పెట్టుకోవాలి. మొదటిది, పక్షులు గూళ్లు పెట్టే చోటు. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకునేది సర్కారు తుమ్మల మీదనే; పరాయి చెట్టు కదా అని అలాంటి చోట గొడ్డలి వేస్తే నష్టపోయేది పక్షులే. రెండోది, ఇళ్లకు ఎగువనున్న నిటారు వాలు. 2024 ఆగస్టు ఆఖరున కురిసిన వానలకు విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయిన సంగతి ఇక్కడివారికి తెలియనిది కాదు. మట్టిని పట్టి ఉంచిన వేళ్లను, అవి ఏ మొక్కవైనా, అటువంటి వాలులో స్వచ్ఛంద కార్యకర్తలు పెకలించకూడదు.

గుర్తుపట్టడం

ఈ పనిలో అతి పెద్ద ప్రమాదం పాము కాదు, మంచి మొక్కను పీకేయడం. సర్కారు తుమ్మకు జమ్మి దగ్గరి చుట్టం, నల్లతుమ్మ దూరపు పోలిక. ఆ రెండూ ఈ నేలవే, వాటిని ఉంచాలి. నల్లతుమ్మకు పసుపుపచ్చని గుండ్రటి పూలు పూస్తాయి, కాయ గింజకూ గింజకూ మధ్య నొక్కుకుపోయి పూసల దండలా ఉంటుంది. సర్కారు తుమ్మకు పూలు పొడుగాటి కంకిగా వస్తాయి, పండిన కాయ లేత పసుపు రంగులో దాదాపు నునుపుగా ఉంటుంది. జమ్మికి ముళ్లు కణుపుల మధ్య అక్కడక్కడా ఉంటే, సర్కారు తుమ్మకు కణుపు దగ్గరే, చాలా వరకు జంటగా, వస్తాయి. పూలు, కాయలు లేని చిన్న మొక్క విషయంలో తేల్చుకోలేకపోతే దానికి గుడ్డపీలిక కట్టి వదిలేసి, ఎదిగాక చూడటమే సరైన పద్ధతి.

పులికంప కాడ నాలుగు పలకలుగా ఉంటుంది, ఆకు నలిపితే ఘాటు వాసన వస్తుంది, ఒకే గుత్తిలో రెండు మూడు రంగుల పూలుంటాయి. వయ్యారిభామ లేతగా ఉన్నప్పుడు ఆకులు నేలకు అంటుకుని చక్రంలా పరుచుకుంటాయి. మాచిపత్రిగా పొరబడేవారూ ఉన్నారు. పనికి ముందు, చెట్లు బాగా తెలిసిన ఒకరు, ఊరి పశువుల కాపరి అయినా వృక్షశాస్త్ర అధ్యాపకుడైనా, ప్రతి మొక్కనూ అందరికీ చేత్తో తాకించి చూపాలి.

కాలం, పనిముట్లు, జాగ్రత్తలు

జూన్, జూలైలలో రెండు మూడు మంచి వానలు పడి నేల మెత్తబడ్డాక వేళ్లు తెగకుండా వస్తాయి. కాలువ పనికి మాత్రం వేసవిలో నీటి సరఫరా ఆపే రోజులే తగినవి. ఉదయం ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా ముగించాలి.

పలుగు, పార, గొడ్డలి, కొడవలి, తొలిక సరిపోతాయి. మందపాటి తోలు చేతొడుగులు, బూట్లు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. సర్కారు తుమ్మ ముల్లు పలుచని చెప్పును అవలీలగా దాటుతుంది. పాల్గొనేవారు ధనుర్వాతం టీకా ముందే వేయించుకోవాలి. పొదలో చెయ్యి పెట్టే ముందు పొడుగాటి కర్రతో కదిలించి, కందిరీగల తుట్టెలు, రక్తపింజరులు లేవని చూసుకోవాలి. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం మానేసి, నడిపించకుండా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఉబ్బసం, చర్మపు దురదలు ఉన్నవారిని వయ్యారిభామ జోలికి పంపకూడదు.

తొలగించే తీరు

పులికంపను నేల మట్టానికి నరికితే కొద్ది నెలల్లోనే మరిన్ని కొమ్మలతో తిరిగి వస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్య సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతి దీనికి మేలైనది. కాండం, వేరు కలిసే భాగం నుంచే కొత్త చిగుళ్లు వస్తాయి గనుక, పొద మొదట్లో మట్టిని కాస్త తొలగించి, నేలకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతున తల్లివేరును పలుగుతో తెగ్గొట్టి, పొదను మొత్తంగా ఎత్తి, వేళ్లు పైకి ఉండేలా తలకిందులుగా ఎండబెట్టాలి. చుట్టూ పెద్దగా తవ్వనక్కరలేదు. నేలను ఎంత తక్కువ కెలికితే కలుపు గింజలు అంత తక్కువగా మొలుస్తాయి.

సర్కారు తుమ్మ ఇంతకంటే మొండిది. నిద్రాణంగా ఉండే మొగ్గలు నేల లోపల కూడా ఉంటాయి కాబట్టి, లేత మొక్కలను వేరుతో సహా లాగేయాలి. మణికట్టు కంటే లావైన చెట్టుకు చుట్టూ గుంత తీసి అడుగు లోతున వేరు నరకాలి. అది కుదరని పెద్ద మాను ఉంటే, అనుమతి తీసుకుని పంచాయతీ ద్వారా యంత్రంతో తీయించడమే మేలు. కర్ర మంచి వంటచెరకు, బొగ్గుకూ పనికొస్తుంది, కాబట్టి అమ్మిన డబ్బు నారు మొక్కలకు సరిపోవచ్చు. కాయలను మాత్రం ఏరి బస్తాలో కట్టాలి. తియ్యటి ఆ కాయల కోసం మేకలు ఎగబడతాయి, గింజలు పేడతో, పెంటికలతో ఊరంతా చేరతాయి.

వయ్యారిభామను పూత రాకముందే తడి నేలలో వేరుతో లాగాలి. ఒక్క మొక్క వేలకు వేల గింజలు రాలుస్తుంది గనుక, పూసిన తరువాత పీకడం కంటే ముందు వారం పీకడం ఎంతో లాభం. పూత లేని మొక్కలను ఎరువు గుంటలో వేయవచ్చు. పూసినవాటిని సంచిలో బిగించి తీసుకెళ్లాలి. నిప్పు పెట్టడం మానాలి: పొగ అందరికీ చెరుపు, కాలిన నేలలో పులికంప మరింత ఒత్తుగా లేస్తుంది.

గుర్రపుడెక్కకు ఒడ్డున నిలబడి కొక్కెం కట్టిన దోటితో లాగడమే మార్గం, పారే నీటిలో దిగకూడదు. చిన్న ముక్క మిగిలినా అల్లుకుంటుంది కాబట్టి కుప్పను గట్టుకు దూరంగా వేయాలి. ఎగువ నుంచి కొత్తది కొట్టుకు వస్తూనే ఉండే పెద్ద కాలువ కంటే, మూసి ఉన్న చిన్న చెరువులోనే ఈ శ్రమకు ఫలితం కనిపిస్తుంది.

నాటడం

ఖాళీ చేసిన నేలను ఖాళీగా వదిలితే కంపే తిరిగి వస్తుంది. అలాగని నర్సరీలో దొరికింది తెచ్చి పెట్టకూడదు. సుబాబుల్, కోనోకార్పస్, తురాయి కూడా పరాయివే. వేసవి ఆఖరులో దగ్గరి కొండల మీద మోదుగ, చండ్ర విత్తనాలు, ఊరి గట్ల మీద కానుగ కాయలు ఏరుకోవాలి. నేరేడు గింజ ఎండితే పనికిరాదు, కాబట్టి పండు తిన్న వారంలోనే మట్టి నింపిన నారు సంచిలో నాటాలి. కొండపల్లి వైపు పనిచేసేవారు తెల్లపొణికిని జాబితాలో చేర్చడం న్యాయం. బొమ్మలకు ఆధారమైన ఆ చెట్టు అడవిలో అరుదైపోయింది. వయ్యారిభామ ఉన్న చోట తంగేడు, తగిరిస గింజలు చల్లితే అవి ఒత్తుగా మొలిచి దాన్ని అణచివేస్తాయి. ఏ మొక్కా లేని చోట గడ్డి రానివ్వాలి.

మళ్లీ మళ్లీ వెళ్లడం

మొదటి వానాకాలమంతా మూడు వారాలకోసారి వెళ్లి, వేలెడంత ఉన్నప్పుడే మొలకలు తీయాలి. అక్టోబరు, నవంబరు వానల తరువాత మరో విడత వస్తుంది. మైనాలు, పిగిలిపిట్టలు పులికంప పండ్లు తిని గింజలు రాలుస్తాయి గనుక, ఆ పిట్టలు వాలే చెట్ల కింద ప్రత్యేకంగా వెతకాలి. ప్రతిసారీ ఒకే రాయి మీద నిలబడి ఒకే దిక్కుకు ఫోటో తీసి, తీసిన మొలకల లెక్కను పుస్తకంలో తేదీతో రాయాలి. ఆ లెక్క వరుసగా రెండు వానాకాలాలు తగ్గుతూ వచ్చాకే పక్క పావు ఎకరంలోకి జరగాలి; తగ్గకపోతే తీసే పద్ధతిలో లోపం ఉన్నట్టు, అప్పుడు కొత్త చోటు కాదు, పాత మోడుల వేర్లను మళ్లీ తవ్వి చూడాలి.