ఒక లోయను చెక్కింది నదా, హిమానీనదమా? చూసి గుర్తుపట్టడం ఎలా

ఇప్పుడు మంచు చుక్క కూడా లేని చోట ఒకప్పుడు వందల మీటర్ల మందాన మంచు కదిలి ఉండొచ్చు. అలా నేల మీద మెల్లగా కదిలే భారీ మంచు రాశే హిమానీనదం. సుమారు 20,000 ఏళ్ల కిందట ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపాల్లో చాలా భాగం మంచు కిందే ఉండేది. అది కరిగిపోయింది గానీ దాని చేతిపని నేల మీద అలాగే ఉంది.

ఆ గుర్తులు చూడటానికి కొండలకు బయల్దేరే ముందు ఇంట్లో ఒక పని చేయండి. రెండు గిన్నెల్లో నీళ్లు పోసి, ఒకదాని అడుగున గుప్పెడు గరుకు ఇసుక వేసి, రెండూ ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టాక ముందు ఉత్త ఐస్‌ను సబ్బుబిళ్ల మీద నెట్టండి. జారిపోతుంది, అంతే. ఇప్పుడు రెండోదాన్ని ఇసుక వైపు కిందికి ఉంచి, గట్టిగా నొక్కుతూ ఒకే దిక్కుకు నెట్టండి. సబ్బు మీద పక్కపక్కనే సన్నటి గీతలు పడతాయి. కొండరాతిని అరగదీసేది కూడా ఇలా మంచు అడుగున ఇరుక్కున్న రాళ్లే. మంచుకు ఇంకో పని కూడా ఉంది, పెకలించడం. కరిగిన నీరు రాతి పగుళ్లలోకి దిగి మళ్లీ గడ్డకడుతుంది. మంచు ముందుకు కదిలినప్పుడు ఆ ముక్కను ఊడబెరికి తనతో తీసుకుపోతుంది.

ఇక కొండల్లో మొదటి పని, ఎత్తైన చోట నిలబడి లోయ ఆకారం చూడటం. కొండల్లో నది కోసిన లోయ సాధారణంగా 'వి' అక్షరంలా అడుగున ఇరుకుగా ఉంటుంది. హిమానీనదం లోయ నిండా ఉండి అడుగునూ పక్కలనూ కలిపి తొలుస్తుంది కాబట్టి ఆ లోయ 'యు' అక్షరంలా తయారవుతుంది. పక్క గోడల మీద ఎక్కడో పైనుంచి జలపాతం దూకుతోందా? అది దూకే చోటు వేలాడే లోయ, అంటే పెద్ద లోయ గోడ మీద ఎత్తులోనే ఆగిపోయిన పక్క లోయ. అక్కడి పిల్ల హిమానీనదం పెద్దదానంత లోతుగా తవ్వలేకపోయింది. అమెరికాలోని యోసెమిటీలో 188 మీటర్ల బ్రైడల్‌వీల్ జలపాతం అలా పుట్టిందే.

ఆకారం ఒక్కటే చూసి తేల్చేయకండి. కిందికి దిగి రాతిని చూడండి, నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. ఉదయం గానీ సాయంత్రం గానీ వెళ్లండి, ఏటవాలు ఎండలో సన్నటి గీతలు కూడా పైకి తేలతాయి. నున్నటి బండ మీద అరచేయి ఆనించి అటూ ఇటూ జరిపితే గాడులు వేళ్లకు తగులుతాయి. న్యూయార్క్ నగరం మధ్యలో సెంట్రల్ పార్క్ బండల మీద కూడా ఇలాంటి గీతలున్నాయి.

అయితే గీతను బట్టి మంచు ఏ రేఖ వెంట కదిలిందో తెలుస్తుంది గానీ, ఎటు నుంచి ఎటు వెళ్లిందో చెప్పలేం. అందుకు దగ్గర్లో మూపులా లేచిన బండ కోసం వెతకండి. దానికి ఒక వైపు నున్నగా, వాలుగా ఉండి, రెండో వైపు విరిగినట్టు నిటారుగా ఉంటే, మంచు నున్నటి వైపు నుంచి ఎక్కి విరిగిన వైపు దిగిపోయిందని అర్థం. ఎక్కేటప్పుడు అరగదీసింది, దిగేటప్పుడు పెకలించింది.

తర్వాత మట్టి. నది తెచ్చినదాన్ని పరిమాణాన్ని బట్టి వేరుచేసి పరుస్తుంది. మంచు అలా చేయదు. బండరాయి, గులకరాయి, మెత్తటి బంక అన్నీ కలగలిపి ఒకేచోట వదిలేస్తుంది. అలాంటి గుట్టల వరసలే మొరైన్‌లు. చుట్టుపక్కల ఎక్కడా లేని రకం రాయి ఒంటరిగా కనిపించినా అనుమానించాల్సిందే. కెనడాలోని ఒకోటోక్స్ దగ్గర మైదానంలో ఉన్న సుమారు 16,500 టన్నుల బండ, వందల కిలోమీటర్ల దూరంలోని రాకీ పర్వతాల నుంచి మంచు మీద వచ్చింది.

చివరగా నీటి రంగు చూడండి. సరస్సు పాలు కలిపినట్టు నీలి ఆకుపచ్చగా ఉంటే, పిండిలా నలిగిన రాతిపొడి అందులో తేలుతోందన్నమాట. సాధారణంగా పైన ఇంకా హిమానీనదం ఉందనడానికి అది గుర్తు. దాన్ని చూడటానికి వెళ్లినా మంచు అంచు కిందకు మాత్రం పోకండి. అక్కడ గడ్డలు చెప్పాపెట్టకుండా విరిగిపడతాయి.