ట్యూబ్ మైకు విప్పే ముందు

ట్యూబ్ మైకు అంటే లోపల వాక్యూమ్ ట్యూబు ఉండే మైక్రోఫోన్. దాన్ని విప్పే ముందు ప్లగ్గు పీకండి. స్విచ్చి ఆపితే చాలదు: మైకుకు కరెంటిచ్చే సప్లై పెట్టెలో కెపాసిటర్లు (విద్యుత్తును నిల్వ చేసే భాగాలు) 100–200 వోల్టులు పట్టుకునే ఉంటాయి. 10 కిలోఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేటెడ్ క్లిప్పులతో ఒక్కో కెపాసిటర్ రెండు కొసల మధ్య 10 సెకన్లు తగిలించి, మీటరు 5 వోల్టుల లోపు చూపాకే చెయ్యి పెట్టండి.

వైర్లు కదపకముందే ఫోటో తీసుకోండి.

గ్రిడ్ (ట్యూబుకు సిగ్నల్ అందే కొస) దగ్గరి గిగాఓమ్ (వంద కోట్ల ఓమ్‌ల) రెసిస్టర్‌ను వేళ్లతో ముట్టుకోవద్దు. చెమట జిడ్డో, సోల్డరింగ్ ఫ్లక్స్ మరకో ఉంటే కరెంటు దాని మీదుగా జారిపోయి చిటపటలు మొదలవుతాయి. శ్రీకాకుళం వానాకాలపు తేమలో మరీను. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. క్యాప్సూల్ (ధ్వనిని పట్టే పలుచని పొర ఉన్న భాగం) జోలికి మాత్రం పోవద్దు, ఊదనూ వద్దు. మూత వేసి పక్కన పెట్టండి.

కప్లింగ్‌కు (సిగ్నల్‌ను తర్వాతి దశకు పంపడానికి) వేసే ఫిల్మ్ కెపాసిటర్ 250 వోల్టులకు తగ్గకూడదు. కొనే ముందు సైజు కొలవండి, లావుదైతే మైకు గొట్టంలో పట్టదు. ఖరీదైన ట్యూబు తర్వాత చూసుకోవచ్చు. 12ఏఎక్స్7 రకం ట్యూబు స్థానంలో 12ఏవై7 పిన్నులు కుదురుతాయి, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే శక్తి) మాత్రం తగ్గుతుంది.