స్పోర్ట్స్ గళ్ళ నుడికట్టు ఇంట్లో తయారు చేస్తుంటే ఎక్కడ ఇరుక్కుంటాం, ఎలా బయటపడాలి

పండక్కి అందరూ ఇంటికొచ్చినప్పుడు ఫోన్లు పక్కన పెట్టించాలంటే గళ్ళ నుడికట్టుని (క్రాస్‌వర్డ్) మించింది లేదు, అదీ ఆటల మీదైతే తాతయ్య నుంచి ఆరో క్లాస్ పిల్లల దాకా అందరూ మీద పడతారు. కాకపోతే తయారు చేసేటప్పుడు నాలుగైదు చోట్ల కచ్చితంగా ఇరుక్కుంటాం.

సమస్య: పదాలు ఒకదానితో ఒకటి కలవట్లేదు

అందరం ముందు ఇక్కడే ఆగిపోతాం. ఇంగ్లీషులో ఒక అక్షరం కలిస్తే చాలు, మనకి గుణింతం, ఒత్తు కూడా కలవాలి, క ఉన్న గడిలో కి పట్టదు కదా. అందుకే 12 పదాలు కావాలంటే ముందు ఓ 30 పదాలు రాసి పెట్టుకుని, ఒక్కో పదాన్ని అక్షరాలుగా విడగొట్టి చూసుకోవాలి. మల్లీశ్వరి (వెయిట్‌లిఫ్టర్) అంటే మ-ల్లీ-శ్వ-రి, నాలుగు గళ్ళు. చివర రి ఉంది కాబట్టి హా-రి-క నిలువుగా దిగుతుంది (చెస్ గ్రాండ్‌మాస్టర్ ద్రోణవల్లి హారిక). ఆ హా నుంచి అడ్డంగా హాకీ, కింద క నుంచి అడ్డంగా కబడ్డీ. అంతే, నాలుగు పదాలు అల్లుకుపోయాయి! పెద్ద పదం మధ్యలో పెట్టి మొదలుపెట్టండి, చిన్నవి వాటంతటవే చుట్టూ చేరతాయి. నంబర్లు మాత్రం నుడికట్టు మొత్తం అయ్యాకే వేయండి, పై వరస నుంచి ఎడమ నుంచి కుడికి, ముందే వేస్తే ఒక్క పదం మారినా అన్నీ చెరిపి మళ్ళీ వేసుకోవాలి.

సమస్య: గోపీచంద్ మూడు గళ్ళా, నాలుగా అని గొడవ

పొల్లు అక్షరం వల్ల వచ్చే గొడవ ఇది. పొల్లుకి విడిగా ఒక గడి అని కాగితం పైనే రాసేయండి, అప్పుడు గో-పీ-చం-ద్ నాలుగు. సున్నా మాత్రం విడిగా కాదు, చం ఒకటే గడి, సిం-ధు రెండు గళ్ళే. పొల్లుతో మొదలయ్యే పదం మనకి లేదు కాబట్టి ఆ ద్ గడిలోంచి ఇంకో పదం మొదలుపెట్టాలని చూడకండి, దాన్ని చివర వదిలేయండి, లేదా అదే పొల్లుతో ముగిసే ఇంకో పేరు వెతకండి. సిరాజ్ అడ్డంగా, మిథాలీరాజ్ నిలువుగా పెడితే రెండూ చివరి జ్ దగ్గర కలుస్తాయి, అది దొరికిన రోజు నాకెంత ఆనందమేసిందో!

సమస్య: ఒకే ఆధారానికి రెండు జవాబులు

"బ్యాడ్మింటన్‌లో ఒలింపిక్ పతకం తెచ్చిన హైదరాబాద్ అమ్మాయి, రెండు గళ్ళు" అని రాశాను, మా పెద్దమ్మ సైనా అని రాసింది, పిల్లలు సింధు అని రాశారు, ఇద్దరిదీ కరెక్టే! సైనా 2012 లండన్‌లో కాంస్యం, సింధు 2016 రియోలో రజతం. ఒలింపిక్స్ జరిగిన ఊరు, ఏడాది, పతకం ఈ మూడిట్లో కనీసం రెండు ఆధారంలో ఉండాలి. టోక్యో గురించి రాస్తే ఇంకా జాగ్రత్త, దాని పేరు 2020, జరిగింది 2021లో, అందుకని ఏడాది ఎత్తకుండా టోక్యో అని, పతకం ఏదో రాయండి. "ఇప్పటి కెప్టెన్" లాంటివి అసలొద్దు, వచ్చే పండక్కి ఆ నుడికట్టు పనికిరాదు.

సమస్య: ఒక్కరే పూర్తి చేసేస్తున్నారు, మిగతావాళ్ళు లేచిపోతున్నారు

అన్నీ క్రికెట్టే పెట్టి ఉంటారు. నాన్నల తరానికి 2001 మార్చి పెట్టండి, ఆ నెలలోనే గోపీచంద్ ఆల్ ఇంగ్లాండ్ బ్యాడ్మింటన్ గెలిచాడు, ఆ నెలలోనే లక్ష్మణ్ కోల్‌కతాలో 281 కొట్టాడు, ఆ ఒక్క ఆధారంతో మా ఇంట్లో అరగంట కబుర్లు నడిచాయి. తాతయ్యకి 1932లో లార్డ్స్‌లో మన మొదటి టెస్టుకి కెప్టెన్, ఇంటిపేరు మూడు గళ్ళు (నాయుడు). అమ్మమ్మకి కబడ్డీలో జట్టుకి ఎంతమంది అని అడగండి, ఏడుగురు, ఏ-డు-గు-రు, చక్కగా నాలుగు గళ్ళు. పిల్లలకి సింధు, బాక్సర్ నిఖత్. ప్రతి ఒక్కరికీ కనీసం రెండు ఆధారాలు తెలిసినవి ఉండాలి, నాకైతే నుడికట్టు అందంగా కుదరడం కంటే ఇదే ముఖ్యం.

సమస్య: కంప్యూటర్లో చేస్తే అక్షరాలు చెల్లాచెదురైపోతున్నాయి

నుడికట్టు తయారు చేసే కొన్ని సైట్లు గుణింతాన్నీ ఒత్తునీ విడివిడి అక్షరాలుగా లెక్కేస్తాయి, నాలుగు గళ్ళ మల్లీశ్వరి పది గళ్ళయి కూర్చుంటుంది. వాటితో కుస్తీ పట్టకుండా ఎక్సెల్ లాంటి షీటులో గడికో అక్షరం మీరే టైప్ చేసుకోండి, వరస ఎత్తు కాస్త పెంచండి, లేకపోతే ప్రింట్లో శ్వ కింద ఒత్తు తెగిపోతుంది. జవాబుల కాపీ ఒకటి దాచుకుని, గళ్ళు ఖాళీ చేసి ప్రింట్ తీయండి. పెద్దవాళ్ళకి గడి సెంటీమీటరున్నర వెడల్పైనా ఉండాలి, పెన్సిళ్ళు ఇవ్వండి, పెన్నులొద్దు.