ఊపిరితిత్తుల మార్పిడికి రమ్మని ఫోన్ వచ్చేదాకా ఇంట్లో ఏం చూసుకోవాలి

మాది వరంగల్. మా ఆవిడకు పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కాదిది, గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే నాళాల్లో ఒత్తిడి. సగటున 20 దాటకూడదు, తనకు 62 ఉంది. ఊపిరితిత్తుల మార్పిడికి జీవన్‌దాన్‌లో, అంటే అవయవదానం చూసే ప్రభుత్వ పథకంలో, పేరు రాయించాం. ఫోన్ వచ్చేదాకా గుండె కుడివైపు భాగం చేతులెత్తేయకుండా కాపాడుకోవాలి. మా పనంతా అదే.

పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి. రెండ్రోజుల్లో కిలోన్నర పెరిగితే ఒళ్లు చేసినట్టు కాదు, నీరు చేరినట్టు. మా ఆవిడైతే మిషన్ కన్నా ముందే "లంగా బొందు బిగుస్తోంది" అంటుంది. వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. నీరు పోయే మాత్ర సొంతంగా పెంచొద్దు, పొటాషియం, కిడ్నీలు తేడా చేస్తాయి. మాకు రోజుకు లీటరున్నరే తాగమన్నారు. చారు, మజ్జిగ, కాఫీ అన్నీ ఆ లెక్కలోకే. ఉప్పు తగ్గించాలని ఆవకాయ జాడీ మా చెల్లెలింటికి పంపేశాం. దాని గురించి ఇప్పటికీ గొడవే.

ఆ నాళాల్లో ఒత్తిడి తగ్గించే మందు సిల్డెనాఫిల్, రోజుకు మూడుసార్లు. వయాగ్రాలో ఉండే మందే ఇది. మొదటిసారి మూడు స్ట్రిప్పులడిగితే షాపు కుర్రాడు నవ్వాడు. నవ్వనీయండి, మాత్రలు మాత్రం ఎప్పుడూ పదిహేను రోజులకు సరిపడా ఇంట్లో ఉంచండి. ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది. ఛాతీలో నొప్పి అనగానే చుట్టాలెవరో జేబులోంచి సార్బిట్రేట్ తీసి నాలుక కింద పెట్టబోతారు. పెట్టనివ్వొద్దు! ఈ మందుతో అది కలిస్తే బీపీ అమాంతం పడిపోతుంది. ఈ జబ్బుకే ఇచ్చే ఇంకో మందు బోసెంటాన్, అది వాడేవాళ్లు నెలనెలా లివర్ టెస్ట్ చేయించుకోవాలి. షాపులో అడిగి తెచ్చుకునే జలుబు మాత్రలు, నొప్పి మాత్రలు వద్దు. ఈ జబ్బులో గర్భం తల్లికి చాలా ప్రమాదం, బోసెంటాన్ లాంటివి బిడ్డకూ హాని చేస్తాయి. కాబట్టి గర్భం రాకుండా జాగ్రత్త గురించి డాక్టర్‌ని సిగ్గుపడకుండా అడగండి.

బాత్రూమ్ సంగతి ఎవరూ చెప్పరు. గట్టిగా ముక్కితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. మలబద్ధకానికి మందు రాయించుకోండి. స్నానం కుర్చీలో కూర్చుని, తలుపు గడియ పెట్టకుండా.

ఫైలు, ఆధార్, నింపిన ఆక్సిజన్ సిలిండర్, రాత్రైనా వచ్చే డ్రైవర్ నంబర్ ఒక్కచోటే పెట్టుకోండి. ఒకసారి మాకు రాత్రి రెండింటికి ఫోన్ వచ్చింది. హైదరాబాద్‌కి వెళ్తూ ఘట్‌కేసర్ దాటాక, ఆ ఊపిరితిత్తులు పనికిరావన్నారు, వెనక్కి తిరిగాం. అలా జరుగుతుంటుందట. ఆ టెన్షన్‌లో పొద్దుటి మాత్ర ఇంట్లోనే ఉండిపోయింది. అప్పట్నుంచి బ్యాగులో రెండ్రోజుల మాత్రలు విడిగా పెడుతున్నాను.