ఆటోగ్రాఫ్ ఫొటో: అలుకు, అతుకు, బూజు ఎందుకొస్తాయి, ఏం చేయాలి

కోనసీమలో షూటింగ్ దగ్గరైనా, రాజమండ్రిలో సభ దగ్గరైనా మీకు నచ్చినవాళ్ల ఫొటో ప్రింటు మీద వాళ్ల సంతకం తీసుకోవడానికి దొరికేది అర నిమిషం. అప్పుడు పెన్ను మొరాయిస్తే మళ్లీ అడిగే వీలుండదు. కాబట్టి ప్రింటు దశ నుంచే చూసుకోవాలి.

ప్రింటులో ముఖం గళ్లుగళ్లుగా వచ్చింది

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన 4×6 ప్రింటుకి 1200×1800 పిక్సెళ్లు కావాలి, 8×12కి 2400×3600. అసలు ఫైలునే డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో స్టూడియోకి పట్టుకెళ్లండి. ఫోన్ ఫొటో సాధారణంగా 4:3 కొలతలో ఉంటుంది, ప్రింటు 3:2. మీరు కత్తిరించి ఇవ్వకపోతే తల పైభాగం పోవచ్చు. కత్తిరించేటప్పుడే సంతకానికి ఒక పక్క లేతరంగు జాగా వదలండి.

సంతకం అలుక్కుపోయింది

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. తప్పు కాగితానిదో, పెన్నుదో, తొందరదో ముందు తేల్చుకోవాలి.

ఫొటో కాగితం మీద ప్లాస్టిక్ పొర ఉంటుంది. జెల్ పెన్ను, ఫౌంటెన్ పెన్ను సిరా నీటిది కాబట్టి నున్నటి గ్లాసీ మీద ఇంకక ముత్యాల్లా నిలబడిపోతుంది, చెయ్యి తగలగానే సాగుతుంది. ఆల్కహాల్‌తో చేసిన పర్మనెంట్ మార్కర్ అయితే ద్రావకం ఎగిరిపోయి రంగు పొరకి పట్టుకుంటుంది. సన్న మొన ఉన్న నీలం మార్కర్ మంచిది, నల్ల జుట్టు పక్కన కూడా విడిగా కనబడుతుంది. ల్యాబ్‌లో ప్రింటు వేయిస్తే గ్లాసీ వద్దని, మ్యాట్ గానీ సిల్క్ గానీ అడగండి. ఆ సన్నటి గరుకు మీద మొన జారదు.

ఇంట్లో ఇంక్‌జెట్ (సిరా చిమ్మే) ప్రింటర్ మీద వేస్తే 240 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) పైబడిన ఫొటో కాగితం వాడండి, ప్రింటర్ సెట్టింగుల్లో అదే కాగితం రకం ఎంచుకోండి. ఎంచుకోకపోతే సిరా లెక్క తప్పి తడి త్వరగా ఆరకపోవచ్చు. కనీసం 24 గంటలు విడివిడిగా పరిచి ఆరనివ్వాలి. ముసురు పట్టిన రోజుల్లో రెండు రోజులు ఉంచండి.

వెళ్లే ముందు రోజు, అదే కాగితం మీద వేసిన పనికిరాని ప్రింటు ఒకటి తీసుకుని, అదే పెన్నుతో ఒక గీత గీయండి. నిమిషం ఆగి చిటికెనవేలితో రుద్దండి. గీత తోకలా సాగితే కాగితమో పెన్నో మార్చాల్సిందే. సాగకపోతే సిద్ధమే. సంతకం అయ్యాక కూడా పది నిమిషాలు దాని మీద ఏదీ పెట్టకండి.

పెన్ను రాత మధ్యలో తెగుతోంది

రోహిణి కార్తె ఎండలో చెమట చేతులతో పట్టుకున్న ఫొటో మీద జిడ్డు అంటుతుంది. జిడ్డున్నచోట సిరా పట్టదు. అంచులే పట్టుకోండి, మెత్తటి పొడిగుడ్డతో తేలిగ్గా తుడవండి. బాల్ పెన్ను ఇవ్వకండి: రాత పడకపోయినా గాడి మిగులుతుంది.

ముదురు చొక్కా మీద సంతకానికి వెండిరంగు పెయింట్ మార్కర్ కావాలి. మూతపెట్టి బాగా ఊపి, చిత్తుకాగితం మీద మొనను మూడు నాలుగు సార్లు నొక్కి రంగు దింపాకే చేతికివ్వండి. ఫొటో మీదే నొక్కితే బొట్టు పడుతుంది.

ఫొటోలు అతుక్కున్నాయి, బూజు పట్టింది

ల్యాబ్ ప్రింటులో ప్లాస్టిక్ పొర పైన జెలటిన్ (జిగురులాంటి పదార్థం) పొర ఉంటుంది. తేమ తగిలితే ఉబ్బి జిగటవుతుంది, ఫ్రేము గాజుకీ పక్క ఫొటోకీ అతుక్కుంటుంది. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజుకి అనువే. కాలవ గట్టు ఇళ్లలో, చేపల చెరువుల పక్క ఊళ్లలో వానాకాలమంతా ఇదే పరిస్థితి.

పీవీసీ కవర్లు వద్దు, అందులోని మెత్తబరిచే రసాయనం సిరాని లాగేస్తుంది. పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవర్లో ఒక్కొక్కటే పెట్టి, గట్టిమూత డబ్బాలో సిలికాజెల్ (తేమ పీల్చే గింజలు)తో ఉంచండి. నారింజరంగు సిలికాజెల్ గింజలు ఆకుపచ్చగా మారితే తేమ తాగేసినట్టు. 110–120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. బీరువాని బయటి గోడకి ఆనించకండి.

బూజు కనబడితే తడిగుడ్డ పెట్టకండి. ఆ ఫొటోని మిగతావాటి నుంచి వేరుచేసి, పొడిచోట ఆరబెట్టి, ముక్కుకి మాస్కు కట్టుకుని ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపండి. గాజుకి అతుక్కున్న సంతకం ఫొటోని లాగొద్దు, నీళ్లలో నానబెట్టొద్దు. ముందు గాజు మీంచే స్కాన్ తీసుకోండి.

రంగు వెలిసింది

చాలా ఇంక్‌ట్యాంక్ ప్రింటర్లలో రంగుసిరా డై రకం, అంటే రంగు ద్రవంలో కరిగి ఉండేది. వెలుతురుకీ, గాలిలోని ఓజోన్‌కీ త్వరగా వెలుస్తుంది. చవక రీఫిల్ సిరా ఇంకా త్వరగా. పిగ్మెంట్ సిరా (రంగు సన్నటి రేణువులుగా ఉండేది), ల్యాబ్ ప్రింటు ఎక్కువ కాలం నిలుస్తాయి. మార్కర్ సంతకం కూడా ఎండకి వెలుస్తుంది కాబట్టి స్కాన్ చేసిన నకలు గోడకి తగిలించి, అసలుని చీకట్లో దాచండి. అసలుని ఫ్రేము కట్టించాలంటే గాజుకీ ఫొటోకీ మధ్య మౌంట్ బోర్డు (మధ్యలో కిటికీలా కోసిన మందపాటి అట్ట) వేయించండి. వేడి లామినేషన్ మాత్రం వద్దు: ఆ వేడికీ జిగురుకీ సంతకం కరిగి పాకవచ్చు, ఒకసారి వేశాక తీయడం కుదరదు.