డిగ్రీ తరువాత దూరవిద్యలో పీజీ చేయడం ఎలా?

డిగ్రీ అయిన వెంటనే ఉద్యోగంలో కుదురుకున్నవారు, పెళ్లయి ఊరు మారినవారు, ఇంటి బాధ్యతల వల్ల కళాశాలకు వెళ్లలేనివారు పీజీ ఆలోచనను ఏళ్ల తరబడి వాయిదా వేస్తూ ఉంటారు. నిజానికి దూరవిద్య తెలుగువారికి కొత్తది కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో తెలుగు నేల మీదే పుట్టింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి, 1985లో ఢిల్లీలో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి (ఇగ్నో) కూడా తొలి ఉపకులపతిగా పనిచేశారు. ఇన్నేళ్ల అనుభవం ఉన్న దారి అయినా, చాలామంది ముందు ఫీజు అడిగి, తరువాత విశ్వవిద్యాలయం పేరు చూసి, గుర్తింపు సంగతి చివరికి వదిలేస్తున్నారు. ఈ వరుస పూర్తిగా తిరగబడాలి.

మొదట, పీజీ ఎందుకు కావాలో ఒక కాగితం మీద రాసుకోండి. అధ్యాపక వృత్తి కోసమైతే అర్హత పరీక్షలైన నెట్ (జాతీయ స్థాయి) లేదా సెట్ (రాష్ట్ర స్థాయి) రాయడానికి పీజీలో జనరల్ అభ్యర్థులకు 55 శాతం మార్కులు కావాలి కనుక, కేవలం ఉత్తీర్ణత సరిపోదు. ప్రమోషన్ కోసమైతే మీ శాఖ నిబంధనల్లో ఏ సబ్జెక్టుకు విలువ ఉందో ముందే తెలుసుకోవాలి. ఒక నైపుణ్యం మాత్రమే కావాలంటే రెండేళ్ల పీజీ అక్కరలేదు. కేంద్ర ప్రభుత్వం నడిపే ‘స్వయం’ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో కొన్ని వారాల కోర్సు చదివి, రుసుము కట్టి పరీక్ష రాస్తే ధ్రువపత్రం వస్తుంది.

రెండో పని గుర్తింపును పరిశీలించడం. దీన్ని ఎవరి మాట మీదా వదిలేయకండి. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీలోని దూరవిద్యా విభాగం (డెబ్) ఏ విద్యాసంస్థ, ఏ కోర్సును, ఏ విద్యా సంవత్సరంలో, ఏ ప్రవేశ కాలంలో నడపవచ్చో తన వెబ్‌సైట్‌లో ప్రకటిస్తుంది. విశ్వవిద్యాలయం ఎంత పేరున్నదైనా, మీరు చేరే కోర్సు, మీరు చేరే ప్రవేశ కాలానికి ఆ జాబితాలో ఉందా లేదా అన్నదే లెక్కలోకి వస్తుంది. అలా గుర్తింపు పొందిన సంస్థ దూరవిద్యలో ఇచ్చే డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2020 నిబంధనలు స్పష్టం చేస్తున్నాయి. ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటి కోర్సులకు మాత్రం ఈ విధానంలో అనుమతి లేదు. పీహెచ్‌డీకి కూడా లేదు. సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, పోషకాహార శాస్త్రం వంటివాటిలో 2025 జులై–ఆగస్టు నుంచి కొత్త ప్రవేశాలను యూజీసీ నిలిపివేసింది కాబట్టి, పాత ప్రకటనలు చూసి డబ్బు కట్టవద్దు. ‘ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ’ అనేవారి దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగవద్దు. ఆ కాగితం ధ్రువపత్రాల పరిశీలన రోజున మీ ఉద్యోగాన్నే ప్రమాదంలో పడేస్తుంది.

తరువాత కాగితాలు సిద్ధం చేసుకోవాలి. ప్రభుత్వ డిజిటల్ పత్రాల వేదిక డిజిలాకర్ ద్వారా, మీ చదువు క్రెడిట్లు నమోదయ్యే ఖాతా అయిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ తీసుకుని, దాని ఆధారంగా యూజీసీ దూరవిద్యా విభాగం పోర్టల్‌లో డెబ్ ఐడీ సృష్టించుకోవాలి. 2024 నుంచి ఇది లేకుండా ప్రవేశం దొరకదు. పదో తరగతి మెమోలో, డిగ్రీ మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర ఎంత మామూలో, చివరి తేదీ దగ్గర అది అంత తలనొప్పి. దరఖాస్తు, ఫీజు చెల్లింపు విశ్వవిద్యాలయ అధికారిక వెబ్‌సైట్‌లోనే జరగాలి. ఇగ్నోలో సాధారణంగా జనవరి, జులై నెలలకు రెండు విడతల ప్రవేశాలు ఉంటాయి. ఆంధ్ర, నాగార్జున, ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాలకు కూడా దూరవిద్యా కేంద్రాలున్నాయి. వేరే చోట రెగ్యులర్ కోర్సు చదువుతున్నవారు సైతం, 2022లో వచ్చిన యూజీసీ మార్గదర్శకాల ప్రకారం, దూరవిద్యలో రెండో కోర్సు చేయవచ్చు.

అన్నింటికంటే ముఖ్యమైన లెక్క ఇక్కడుంది. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 80 క్రెడిట్ల ఎం.ఏ.కు అది 2,400 గంటలు. రెండేళ్లలో ముగించాలంటే వారానికి సుమారు 23 గంటలు, అంటే రోజుకు మూడు గంటలకు పైమాటే. ఉద్యోగం, పిల్లలు, వంట మధ్య అంత సమయం దొరకనివారు సిగ్గుపడవలసిన పనేమీ లేదు. కోర్సు పూర్తికి నాలుగేళ్ల వరకు గడువు ఉంది కనుక, వారానికి పన్నెండు గంటలు కేటాయించి, ఒక్కో విడతలో కొన్ని పేపర్లే రాసేలా ప్రణాళిక వేసుకోవచ్చు. చేరే ముందే రెండు వారాలు ఆ గంటలు కూర్చుని చూడండి. ఇగ్నో పాఠ్యాంశాలు దాని ఆన్‌లైన్ భాండాగారం ఈజ్ఞాన్‌కోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి కాబట్టి ఈ ప్రయత్నానికి ఖర్చు కూడా ఉండదు.

చేరాక అసైన్‌మెంట్లను చివరి వారానికి నెట్టకండి. ఇగ్నో ఎం.ఏ. కోర్సుల్లో సాధారణంగా వాటికి 30 శాతం, తుది పరీక్షకు 70 శాతం మార్కులు ఉంటాయి. వాటిని సొంత మాటల్లో రాసినవారికి పరీక్షకు సగం సిద్ధత అక్కడే అయిపోతుంది. సమర్పించిన రసీదును, జవాబుల నకలును ఫలితాలు వచ్చేదాకా భద్రపరచుకోండి. మార్కులు నమోదు కాకపోతే స్టడీ సెంటర్‌లో చూపించడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదే.