వాక్యనిర్మాణ పాఠాలు – 4: ‘బి’ అంటే ‘వాజ్’ కాదు

పోయినసారి ‘ది హౌస్ వాజ్ బిల్ట్’ (ఇల్లు కట్టబడింది) అనే ఇంగ్లీషు కర్మణి వాక్యాన్ని వియత్నామీస్‌లోకి మార్చమంటే ఎక్కువమంది ‘న్యా బి సై’ అని రాశారు. కట్టడం వల్ల ఇంటికేదో కీడు జరిగినట్టుంది ఆ వాక్యం. రావలసింది ‘న్యా డుఅక్ సై’. ఈసారి చెబుతానన్న ప్రశ్నవాక్యాలు వాయిదా, ముందు ఈ చిక్కు విప్పాలి.

‘వాజ్’ ఉత్త సహాయక క్రియ, మంచీచెడూ దానికి పట్టవు. ‘బి’కి పడతాయి. చైనీస్ నుంచి వచ్చిన ఈ మాటకు చెడు అనుభవించడమని అర్థం. మేలైతే ‘డుఅక్’. లాన్, నామ్ ఇద్దరు మనుషుల పేర్లు. లాన్ నామ్‌ని కొడితే ‘నామ్ బి లాన్ డాన్’, మెచ్చుకుంటే ‘నామ్ డుఅక్ లాన్ ఖెన్’. మనం మాత్రం ‘కొట్టబడ్డాడు’ అంటామా? ‘తన్నులు తిన్నాడు’ అంటాం. ‘బి’ ఆ ‘తిను’కు చుట్టం, ‘-బడు’కు కాదు. ‘-బడు’ పెట్టి అనువదించే అలవాటు మానండి, సగం తప్పులు అక్కడే పుడుతున్నాయి.

లాన్ ఎక్కడ కూర్చుందో చూడండి: ‘బి’కీ క్రియకీ నడుమ. కాబట్టి ‘బి’ని ఉపవాక్యాన్ని వెంటేసుకున్న అసలు క్రియగా తీసుకోవడమే నాకు నచ్చిన దారి. లాన్‌ను తీసేసి ‘నామ్ బి డాన్’ అన్నా సరే, క్రియ రూపం మారదు.

ఇప్పుడు సిద్ధాంతం. భాషాశాస్త్రవేత్త చోమ్‌స్కీ 1981 నాటి చట్రంలో ఇంగ్లీషు పార్టిసిపుల్ ప్రత్యయం (‘స్టోలెన్’లోని ‘-ఎన్’ లాంటిది) కర్మకు దక్కాల్సిన, పైకి కనబడని విభక్తిని మింగేస్తుంది. విభక్తి లేని నామం నిలవదు గనక కర్మ లేచి కర్త స్థానానికి పోతుంది. వియత్నామీస్‌లో మింగే ప్రత్యయమే లేదు. ‘నామ్ బి చోమ్ లై మత్ సె’ చూడండి: దొంగ బండి ఎత్తుకుపోయాడు, నష్టం నామ్‌ది. ‘సె’, అంటే బండి, ఉన్నచోటే ఉంది. అదే ‘నామ్ వాజ్ స్టోలెన్ ది బైక్’ అంటే ఇంగ్లీషులో చెల్లదు. ‘నామ్ బి ఓమ్’ (జబ్బుపడ్డాడు), ‘నామ్ డుఅక్ డి’ (వెళ్ళే వీలు దొరికింది) లాంటి వాటిలో కదలడానికి కర్మే లేదు.

క్రియ తర్వాత వచ్చే ‘డుఅక్’ వేరు: ‘నోయ్ డుఅక్’ అంటే మాట్లాడగలడం. దాన్ని ఈ లెక్కలో కలపొద్దు.

అభ్యాసం: ‘నామ్ బి లాన్ డాన్’కు చెట్టు బొమ్మ (వాక్యభాగాలను కొమ్మలుగా చూపే పటం) గీసి, ‘డాన్’ తర్వాత కర్మ ఉండాల్సిన ఖాళీకీ నామ్‌కీ ముడి ఎలా వేస్తారో రాయండి. తర్వాత ‘బాయ్ నై వియెత్ హై’ (ఈ వ్యాసం బాగా రాశారు) తీసుకోండి. ఇందులో ‘బి’ లేదు, ‘డుఅక్’ లేదు. ‘వియెత్’ ముందు లాన్‌ను పెట్టినా వాక్యం నిలుస్తుంది. మరి ‘బాయ్ నై’ కర్తా, లేక ముందుకు తెచ్చిన కర్మా?